తలకిందుల రోగి

జ్వరంతో పడుకున్న మనిషిని లేపి, ఎండలో నిలబెట్టి, "నీకెందుకు కళ్లు తిరుగుతున్నాయి?" అని అడిగితే తప్పెవరిదర్రా?

"నిలబెట్టినవాళ్లదే అమ్మమ్మా!" అన్నాడు శ్రీహాస్.

"అంత తెలివితక్కువవాళ్లు ఎవరుంటారు?" అంది హారిణి.

ఉంటారమ్మా. మంచివాళ్లలోనూ ఉంటారు. ఈ కథంతా అదే. దగ్గరికి జరగండి.

మద్దిచెట్ల అడవిలో, వాగు ఒడ్డున ఒక వైద్యశాల ఉండేది. అది ఎదిగే వయసు పిల్లల కోసమే పెట్టింది. మరీ పసివాళ్లకు తల్లి తోడుంటుంది. పెద్దవాళ్లు తమ బాధ తామే చెప్పుకుంటారు. మధ్యలో ఉన్నవాళ్లకే చిక్కు. ఇంట్లో చెప్పలేరు, బయట చెప్పడం చేతకాదు. అందుకని వాళ్లకో చోటు.

అక్కడ డాక్టరు కొంగమ్మ. పనిమంతురాలే, కానీ వచ్చినవాళ్లు నోరు తెరిచేలోగా తనే జబ్బు పేరు చెప్పేసే రకం. చీటీలిచ్చి వరసలో నిలబెట్టడం ఎద్దు పని. వయసులో ఉన్నప్పుడు బావి నీళ్లు తోడే మోట లాగిన ఎద్దు. నడక నిదానం, మాట ఇంకా నిదానం.

ఆ వైద్యశాలకు ఒక పద్ధతి ఉంది. ఎవరొచ్చినా ముందు తెల్లరాతి మీద కదలకుండా నిలబడాలి. తల పైకి, కాళ్లు కిందికి. ఆ తర్వాతే పరీక్ష. డాక్టరు రాసిచ్చిన కషాయం అక్కడే తాగాలి. తాగితేనే బయటికి పంపుతారు.

ఒక మధ్యాహ్నం గబ్బిలం పిల్ల ఒకటి నేల మీద పాక్కుంటూ వచ్చింది. మూడు రోజుల్లో అది మూడోసారి రావడం. కుడిరెక్క ముడుచుకునే ఉంది.

"మళ్లీ వచ్చావా తల్లీ? తగ్గలేదూ?" అంది ఎద్దు.

"తగ్గలేదు తాతా. ఇక్కడ మేడిపళ్లు అయిపోయాయి. ఇవాళ పొద్దు వాలగానే మా గుంపంతా కొండ అవతలికి వెళ్లిపోతుంది. ఎగరలేకపోతే నేనొక్కదాన్నే ఇక్కడ మిగిలిపోతాను."

ఎద్దు చీటీల బుట్టలోకి చూసింది. ఆకుపచ్చ చీటీలు పక్షులవి, ఎర్రమట్టి పూసినవి జంతువులవి.

"మొన్న నీకు ఏ చీటీ ఇచ్చాను?"

"మొన్న పచ్చది, నిన్న ఎర్రది."

"ఏదో ఒకటి ఇచ్చి పంపు ఎద్దన్నా!" అని లోపలి నుంచి కేకేసింది కొంగమ్మ. "నక్క మాస్టారి పాఠానికి వేళవుతోంది."

గబ్బిలం పిల్ల లోపలికి పాకింది. పైన ఒక కొమ్మ కనబడింది. "డాక్టరమ్మా, నేను ఆ కొమ్మకి వేలాడుతూ చూపించుకోనా? ఇలా నిలబడితే నాకు..."

"వేలాడతావా? ఇది వైద్యశాల, ఉయ్యాల కాదు. మీ వాళ్లంతా ఇంతే, ఒక పద్ధతీ పాడూ ఉండదు. ఎక్కు రాయి!"

పిల్ల ఎక్కింది. నిలబడింది. ఊగింది. పక్కకి ఒరిగి ధబ్బున పడింది.

"కళ్లు తిరుగుతున్నాయా?"

"తిరుగుతున్నాయి, కానీ..."

"చూశావా! మొన్నా ఇదే, నిన్నా ఇదే. తలతిరుగుడు ముదిరింది. నేలవేము కషాయం, రెండు దొప్పలు."

"రెక్క సంగతి చెప్పొచ్చుగా అమ్మమ్మా!" అంది హారిణి, తనే ఆ పిల్లయినట్టు.

రెండుసార్లు చెప్పబోయి మాట పడ్డ పిల్ల మూడోసారి ఎందుకు చెబుతుందే? మీకేమో ఆ చేదు తాగి తప్పుకోవడం సులువనిపించదు. దానికి అనిపించింది. గుటగుటా తాగేసి, గుమ్మం పక్కన ఒక మూల ముడుచుకు కూర్చుంది. ఇంటికెళ్లడానికి కూడా ఓపిక లేక.

అంతలో నక్క మాస్టారు రానే వచ్చింది. అడవి అడవికీ తిరిగి వైద్యశాలల వాళ్లకు పాఠం చెప్పడమే దాని ఉద్యోగం. ఎక్కడికెళ్లినా పాఠం ఒకటే, భోజనమే రోజుకో రకం.

"వచ్చిన పిల్లలు ఏ జాతివాళ్లయినా, చెట్టు మీద వాళ్లయినా పుట్టలో వాళ్లయినా, ఇక్కడ బెరుకు లేకుండా ఉండాలి. అందుకు మార్గమేమిటి?" అని తోక ఝాడించింది నక్క.

"మీరే చెప్పాలి మాస్టారూ" అంది కొంగమ్మ.

"అందరికీ ఒకే రాయి, ఒకే నిలుపు, ఒకే కషాయం! ఏదీ, గట్టిగా అనండి!"

అందరూ అన్నారు. అన్నవాళ్లకల్లా మెడలో ఒక మోదుగాకు కట్టింది నక్క. ఆ ఆకు ఉంటే ఇంక వాళ్లకు అంతా తెలిసినట్టే లెక్క.

"మాస్టారూ, ఒక సందేహం" అంది ఎద్దు. "ఆ మూల గబ్బిలం పిల్ల ఉందే, దానికి రాతి మీద నిలబడ్డం కుదరడం లేదు."

"ఒక్కరి కోసం పద్ధతి మారిస్తే మిగతావాళ్లకు అన్యాయం కాదూ? ఎల్లుండి రమ్మను. ఇప్పుడు భోజనాల వేళ."

ఎద్దు కాసేపు నెమరు వేసింది. దాని ఆలోచన కూడా అలాగే ఉంటుంది, నమిలిందే మళ్లీ నములుతుంది. నమిలి నమిలి, చివరికి అంది:

"మాస్టారూ, నేను మొద్దుని. చెబితే ఎక్కదు, చేసి చూపిస్తే ఎక్కుతుంది. మీరు రోగి, ఈ పిల్ల డాక్టరు. ఒక్కసారి ఆడి చూపించండి."

నక్క మొహం వెలిగిపోయింది. "దాందేముంది! రోగి వేషం నేను కట్టినట్టు ఎవరూ కట్టలేరు. మూలుగు కూడా బాగా వస్తుంది నాకు."

ఎద్దు గబ్బిలం పిల్ల వైపు తిరిగింది. "ఏమ్మా డాక్టరమ్మా, మీ వైద్యశాలలో పద్ధతి ఏమిటి?"

పిల్ల ఒక్క క్షణం ఎద్దు మొహంలోకి చూసింది. దాని కళ్లు మెరిశాయి.

"మా దగ్గర ఎవరొచ్చినా ముందు కొమ్మకి వేలాడాలి. కాళ్లు పైకి, తల కిందికి. ఆ తర్వాతే పరీక్ష."

నక్క చెవులు వాలిపోయాయి. "అంటే... మా నక్కలకు అలా అలవాటు..."

"ఒక్కరి కోసం పద్ధతి మారిస్తే మిగతావాళ్లకు అన్యాయం కాదూ మాస్టారూ?" అంది పిల్ల.

వరసలో ఉన్న కుందేలు పిల్లలు కిసుక్కుమన్నాయి. ఇంతమందిలో కాదంటే పరువేం కాను? నక్క సరేనంది. ఎద్దు ఒక తీగని కొమ్మ మీదుగా వేసింది, ఒక కొస నక్క వెనక కాళ్లకు కట్టింది, రెండో కొస మెడకు తగిలించుకుని, మోట లాగినట్టు నాలుగడుగులు ముందుకు నడిచింది. బావిలోంచి బాన లేచినట్టు నక్క పైకి లేచింది.

"కదలకూడదు" అంది గబ్బిలం పిల్ల. "కళ్లు తిరుగుతున్నాయా?"

"గిర్రున తిరుగుతున్నాయమ్మా!"

"తలతిరుగుడు. ముదిరింది కూడా. నేలవేము కషాయం, రెండు దొప్పలు."

"వద్దు వద్దు! నాకే జబ్బూ లేదు! ఇలా వేలాడదీస్తే కళ్లు తిరక్క ఏం చేస్తాయి? దించండి, అదే సర్దుకుంటుంది!"

"మీ నక్కలంతా ఇంతే, ఒక పద్ధతీ పాడూ ఉండదు" అంది పిల్ల.

అందరూ విరగబడి నవ్వారు. కొంగమ్మ ఒక్కతే నవ్వలేదు. తెల్లరాతిని చూసింది. పిల్ల ముడుచుకున్న రెక్కని చూసింది. మూడు రోజులుగా తను చేసిన వైద్యమంతా కళ్ల ముందు వేలాడుతోంది మరి.

"దించు ఎద్దన్నా" అంది మెల్లగా.

"కషాయం తాగించాకే పంపాలి కదా డాక్టరమ్మా, పద్ధతి" అంటూ ఎద్దు నక్కని దించి, దొప్పలు ముందు పెట్టింది. నక్క రెండూ తాగింది. భోజనం మాటెత్తకుండా తూలుకుంటూ వెళ్లిపోయింది.

కొంగమ్మ మెడ వంచి, పిల్ల ఎత్తుకి దిగింది. "అమ్మాయీ, మూడుసార్లు వచ్చావు. ఒక్కసారి కూడా నిన్ను మాట చెప్పనివ్వలేదు నేను. తప్పు నాదే. ఎలా ఉంటే నీకు హాయిగా ఉంటుంది?"

"వేలాడితే."

ఎద్దు దాన్ని మూపు మీదికి ఎక్కించుకుని కొమ్మకి అందించింది. పిల్ల వేలాడింది. మూడు రోజుల తర్వాత దాని మొహంలో తెరిపి కనబడింది.

"ఇప్పుడు చెప్పు. నొప్పి ఎక్కడ?"

"కుడిరెక్క మడతలో."

"చూడనా?"

పిల్ల తటపటాయించింది. "మీ ముక్కు ఎదురుగా వస్తే భయం. మా అవ్వ చిన్నప్పుడు కొంగలు మా పిల్లల్ని పొడిచేవట."

కొంగమ్మ కోప్పడలేదు. అబద్ధమనీ అనలేదు. "నిజమే. మా వాళ్లు ఆ పని చేశారని నేనూ విన్నాను. పక్క నుంచి వస్తాను. నువ్వు ఆగమన్నచోట ఆగుతాను."

రెండుసార్లు ఆగమంది పిల్ల. రెండుసార్లూ ఆగింది కొంగమ్మ. మూడోసారికి రెక్క మడతలోంచి ఇంత పొడుగు రేగుముల్లు బయటికొచ్చింది.

అప్పటికే ఎండ ఎర్రబడింది. మద్దిచెట్ల మీద గబ్బిలాల గుంపు కదులుతోంది. పిల్ల కొమ్మ వదిలింది. వదలగానే రాయిలా జారింది. ఎద్దు మూపు అడ్డం పెట్టబోయింది. నేల ఇంకో జానెడు ఉందనగా రెక్కలు రెండూ విచ్చుకున్నాయి. వాగు మీదుగా తేలింది, ఒక చుట్టు చుట్టింది, గుంపులో కలిసిపోయింది.

"హమ్మయ్య!" అన్నారు ఇద్దరూ ఒక్కసారే. హారిణి నా మోకాలు పట్టుకున్న చేయి అప్పుడు వదిలింది.

మర్నాడు కొంగమ్మ మెడలోంచి మోదుగాకు తీసేసింది. తెల్లరాతిని అక్కడే ఉంచి, పక్కన ఒక కొమ్మ, కప్ప పిల్లల కోసం నీళ్ల తొట్టి పెట్టించింది. బుట్టలో ఏ రంగూ లేని చీటీలు కూడా చేరాయి. వాటి మీద ఏం రాయాలో వచ్చినవాళ్లే చెబుతారు.

నీతి ఒక్క ముక్కే: సాయం చేయబోయే ముందు, అది ఎలా కావాలో అవతలివాళ్లని అడగాలి.

ఇక లేవనివ్వండర్రా. చిక్కుడుకాయలు సగమే ఒలిచి వచ్చాను, మిగతావి ఒలిచేసి వస్తాను.