మడిగట్టు మీద మంత్రం

అనగనగా, సముద్రాన్ని ఆనుకుని, ఉప్పు పండించే ఒక ఊరు ఉండేది తల్లీ. అక్కడి మడుల్లో వరి ఉండదు. సముద్రపు నీళ్ళు పెడతారు. ఎండకి ఆ నీళ్ళు ఇగిరిపోయి, అడుగున ఉప్పు పూస్తుంది.

ఎండాకాలం చివరికొచ్చేసరికి ఆ ఊరికి ఒకటే గుబులు. వాన ముందుగా పడిందా, పూసిన ఉప్పంతా మళ్ళీ నీళ్ళే! అందుకని పొద్దస్తమానం అందరూ ఆకాశంకేసే చూసేవాళ్ళు. మెడలు పట్టేసేవి. అన్నం సయించేది కాదు. నూతి దగ్గర బిందెకి బిందె తగిలితే చాలు, జుట్లు పట్టుకునేవాళ్ళు.

ఆ ఊళ్ళో పైడమ్మ అని ఒకావిడ. ఒక్క మడి, ఒక్క కూతురు, అంతే ఆవిడ సంసారం. ఆవిడ రోజూ పొద్దున్నే మడిలో దిగేముందు, గట్టు మీద కళ్ళు మూసుకుని కూర్చునేది. ఎసరు మరిగేంత సేపు. ఆ తర్వాత లేచి పనిలో పడేది. మబ్బుకేసి చూసేదే కాదు.

అదిగో, అక్కడ పుట్టింది అనుమానం.

"మనమందరం మబ్బు సూస్తంటే అది సూడదేటి? వాన ఎప్పుడొస్తాదో దానికి ముందే తెలుసన్నమాట. మంత్రమేసి పిలిసేది అదే!" అన్నారు ఊళ్ళోవాళ్ళు.

అప్పుడు మడులు పంచే మేస్త్రీ అప్పన్న మీసం దువ్వి, "మూడు రోజులు సూద్దాం. మంత్రమని తేలిందా, మడి లాగేస్తాను" అన్నాడు. మడి పోతే పైడమ్మకీ కూతురికీ గంజి కూడా లేదు.

కాపలాకి పక్క మడి దాలమ్మని పెట్టారు. కాకి అరిస్తే "దీనికెవరు నేర్పారో" అని ఆరా తీసే మనిషి!

మొదటి రోజు దాలమ్మ పైడమ్మ ఒళ్ళోకి తొంగి చూసింది. తాయెత్తు లేదు. ఆవిడని లేపి కింద కూడా చూసింది. ఎండ్రకాయ బొరియ ఉంది.

"ఏటే పైడీ, కళ్ళు మూసుకుని ఏటి సేస్తన్నావు?"

"ఊపిరి సూసుకుంటన్నానప్పా. గుండె దడ తగ్గుతాది."

"ఊపిరి సూడ్డానికేటుంది, ముక్కుంటే అదే ఆడతాది!" అని మూతి తిప్పింది దాలమ్మ.

రెండో రోజు పెదాలు చూసింది. కదల్లేదు. అప్పుడు అనుమానం ఇంకా పెరిగింది. "లోపల్లోపల సదువుతున్నాది, గుంటనక్క!"

మూడో రోజు ఆ లోపలి మంత్రం వినాలని పక్కనే ఆనుకుని కూర్చుంది. చెవి చురుగ్గా ఉండాలని తనూ కళ్ళు మూసుకుంది. ఏం వినపడింది? తన రొప్పే! "ఇదొకటి అడ్డం" అని విసుక్కుని, నెమ్మదిగా పీల్చింది, నెమ్మదిగా వదిలింది. అప్పుడు పైడమ్మ ఊపిరి వినపడింది. లోపలికి, బయటికి. లోపలికి, బయటికి. మంత్రం ఇప్పుడొస్తుంది, ఇదిగో ఇప్పుడొస్తుంది అని కాచుక్కూర్చుంది.

అంతలో "మబ్బో! మబ్బో!" అని కేకలు. జనమంతా మడుల్లో పడి, పచ్చి ఉప్పుని బురదతో సహా గీకేశారు. ఏటా అందరికన్నా ముందు దూకేది దాలమ్మే. ఈసారి మాత్రం దూకలేదు. మబ్బు చూసింది. ఆ తర్వాత గాలి చూసింది. గాలి సముద్రంకేసి వీస్తోంది. "పోతాదిలే" అనుకుంది. పోయింది. వాళ్ళిద్దరి మడుల్లోనే ఉప్పు తెల్లగా మిగిలింది.

మేస్త్రీ వచ్చాడు. "మంత్రం దొరికిందా?"

"నేదు బాబూ. ఊపిరే."

"ఊపిరి అందరం పీలుస్తాం. నిన్ను కూడా కలిపేసుకుందన్నమాట!"

"అయితే నువ్వే ఇను. కళ్ళు తెరిస్తే ఇనిపించదు, ముందే సెబుతున్నాను."

అప్పన్న కూర్చున్నాడు. దొరకలేదు. మర్నాడూ వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు. "మంత్రం తేలేదాకా మడి దానికాడే ఉండనీ" అన్నాడు.

ఆ తర్వాత ఒకరి వెనక ఒకరు ఊరంతా వచ్చి గట్టు మీద కూర్చుంది. పక్కవాళ్ళకి మంత్రం దొరికేసిందేమో, చెప్పకుండా దాస్తున్నారేమో అని ఒకరి మీద ఒకరికి అనుమానం! కానీ లేచాక చేతులు నిదానంగా ఆడేవి. మళ్ళీ నీళ్ళు పెట్టి, కొత్త ఉప్పు ముదిరేదాకా ఎవరూ గీకలేదు. వాన తన వేళకి తను వచ్చింది. అప్పటికి ఉప్పంతా కుప్పలై తాటాకు కప్పుకుంది. మడి పైడమ్మదే అయింది.

ఇంతకీ మంత్రం ఉందా, లేదా? ఏమో తల్లీ, నాకూ అనుమానమే. నువ్వే విను. కళ్ళు మూసుకో. ఊఁ... నెమ్మదిగా...

కథేమో కంచికి, మనమేమో ఇంటికి,
ఉప్పేమో వంటకి, నిద్రేమో కంటికి.