సమ్మతాల గెడ్డ

కొండ దిగువన ఆటో దిగిన భక్తులకు మొదట కనిపించేది సన్నని గెడ్డ, దాని ఒడ్డున పల్లకి దించే రాతి అరుగు. ఎండాకాలంలో నీరు చీలమండ దాటదు. అయినా ఆరూళ్ళమ్మ పల్లకి అనుమతి అడగనిదే ఈ గెడ్డ దాటదు.

పూర్వం ఇక్కడ ఆరు ఊళ్ళకు ఒక్కతే అమ్మ. అయిదు ఊళ్ళు పల్లంలో వరి పండించేవి. ఆరవదైన మంచుగూడ కొండమీద కంది పండించేది. అమ్మవారి శిల దొరికింది మంచుగూడ చేలోనే. ఆమె ముక్కుపుడకకు వేరే కథ ఉంది, అందులోకి వెళితే ఇది తెమలదు.

ఆ సీమనేలిన వీరపరాజు అందరినీ సమానంగా చూడాలనుకునేవాడు. ఆరు ఊళ్ళూ మార్గశిర పున్నమినాడే కొత్తపంట నైవేద్యం పెట్టాలని చాటించాడు. అప్పటికి పల్లంలో వరి ఇంటికి చేరేది, కొండ కంది ఇంకా పచ్చిగానే ఉండేది. నైవేద్యం పెట్టాక పంటను చేలో నిలపడం మంచుగూడ ఆచారంలో తప్పు. ఆజ్ఞనూ ఆచారాన్నీ పాటించి వారు చేనంతా పచ్చిదే కోసేశారు. ఆ ఏడు తిండీ లేదు, విత్తనమూ లేదు. కొండ ఊరి పూజారి సుక్కన్న అమ్మవారి శిలను భుజాన పెట్టుకుని, ఊరితో సహా వలస బయలుదేరాడు.

రాజుకు అమ్మ కలలో కనిపించి, "పచ్చికాయ నా నోట పెట్టించావేమయ్యా?" అని మాత్రం అడిగింది. అతడు పరుగున వచ్చి గెడ్డ దగ్గర సుక్కన్నను ఆపి, మంచుగూడకు సొంత తిథి, సొంత పూజ ఇచ్చాడు.

పల్లంవారు మండిపడ్డారు. "వాళ్ళే అమ్మ కడుపున పుట్టారా? మేము గెడ్డలో కొట్టుకొచ్చామా?" అంది వరి ఊళ్ళ పెద్ద అప్పలనరసమ్మ.

"నువ్వూ తీసుకో అప్పా! తిథితోపాటు మా చలీ, మా ఎలుగుబంట్లూ తీసుకో" అన్నాడు సుక్కన్న.

ముందుగా నవ్వింది ఆమె మొగుడేనట.

"ఎలుగుల్ని నువ్వే ఉంచుకో తమ్ముడూ" అంది అప్పలనరసమ్మ. " నీ పంటకు నీ తిథి ఉండాల్సిందే. కానీ అమ్మ మాకూ అమ్మే. ఏటా అమ్మను కొండకు తీసుకెళ్ళేముందు ఇక్కడ ఆగి మమ్మల్ని అడుగు."

"కాదంటే?"

"కాదన్న ఊరే ఆ ఏడు మీకు తిండీ విత్తనమూ పెడుతుంది."

సుక్కన్న శిలను అరుగుమీద దించాడు.

నేటికీ పుష్యమాసంలో మంచుగూడ పూజారి గెడ్డనీటిలో నిలబడి అడుగుతాడు. ఒక్కొక్క ఊరూ "సమ్మతం" అంటుంది. నా చిన్నతనంలో ఒక ఊరి మగవాళ్ళు మేత తగాదా మనసులో పెట్టుకుని మధ్యాహ్నం దాకా నోరు విప్పలేదు. చివరకు వారి ఆడవాళ్ళే విత్తనాల బుట్ట తెచ్చి అరుగుమీద పెట్టి, "ఇస్తారా, అంటారా?" అన్నారు. మగవాళ్ళు అన్నారు.

ఆ మాట మనసారా అన్నవారి గాదె ఖాళీ కాదని నమ్మకం. భక్తులు కూడా గొంతు కలపవచ్చు. తరువాత పల్లకి కొండెక్కుతుంది, పల్లంవారు గెడ్డకు ఇవతలే నిలబడి దండం పెడతారు.