పాలధార ప్రయాణం

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఎర్రగట్టు మీద రోళ్లు లేవు కాబట్టి ఆ ఏడు రాళ్లే పగిలాయి. తుప్పలు ఎండి గలగలమంటున్నాయి. చెలమలో నీళ్లు అడుగంటి బురద మిగిలింది. అలాంటి ఎండల్లో గట్టు మీది జంతువులన్నీ కట్టగట్టుకుని కొండ అవతలి పాలధార లోయకు పోయి, తొలకరి పడేదాకా చల్లగా గడిపి రావడం తాతల నాటి అలవాటు.

నూకాలు అనే కుందేలు మాత్రం ఆ లోయ మొహం ఎన్నడూ చూడలేదు. ఏ ఏటికాయేడు కడుపుతోనో, పసికూనలతోనో ఇంట్లోనే ఉండిపోయేది. వెళ్లొచ్చినవాళ్లు చెప్పే ముచ్చట్లు విని నోరు తెరిచేది. "ఆకాశానికి చిల్లు పడి పాలు కారుతున్నట్టుంటుందే పిల్లా!" అనేది ముంగిస అత్త. ఈసారి కూనలు పెద్దవై దేని బొరియ అది చూసుకున్నాయి. నూకాలు మనసు అప్పుడే లోయకు చేరింది. కాళ్లే ఇంకా గట్టు మీదున్నాయి.

సరిగ్గా అప్పుడే కాకి సుబ్బి కబురు మోసుకొచ్చింది.

"పాలధారలో నెత్తురు! ఎవరో లేడిని చీల్చేశారట! బండ మీద మరకలట!"

"నువ్వు చూశావా?" అన్నాడు పోలన్న. అతను అడవిదున్న, గట్టు మీది వాళ్లందరికీ పెద్దదిక్కు.

"నేను చూళ్లేదు గానీ, మా మేనత్త కూతురు చూసింది."

సాయంత్రానికి ఆ ఒక్క లేడి ఒక మందైంది. మరకలు మడుగులయ్యాయి. ముంగిస అత్త నోట పడేసరికి లోయలో పారేది నీళ్లు కాదు, నెత్తురేనన్నంత దూరం వచ్చింది. జంతువులన్నీ చెలమ దగ్గర చేరి గోల మొదలుపెట్టాయి.

"ప్రాణం కంటే చల్లదనం ఎక్కువా? మానుకుందాం," అన్నాయి దుప్పులు.

"ఇక్కడుంటే దాహంతో పోమా?" అంది అడవిపంది.

ఆ గోలలోకి నింపాదిగా నడుచుకుంటూ వచ్చాడు జగ్గప్ప నక్క. కాళ్లకు తడిమట్టి, ఒళ్లు నిగనిగలాడుతోంది.

"ఏమర్రా, కాకి మాటలకు కాపురాలు మానుకుంటారా? నేను ఇప్పుడు పాలధార నుంచే వస్తున్నాను. తల్లి ఒడిలా ఉందక్కడ. ముంజేతి కంకణానికి అద్దమెందుకు? రేపు పొద్దున్నే బయల్దేరండి, నేనే దగ్గరుండి తీసుకెళ్తాను. మీరంతా వాగు గొంతులోంచి, ఆ ఇరుకు సందులోంచే, ముందు నడవండి, ఎవరూ తప్పిపోకుండా నేను వెనక వస్తాను."

నూకాలుకు ప్రాణం లేచొచ్చింది. నక్క మాట నిజమైతే బాగుండునని ఎంతగా అనిపించిందంటే, ఆ కోరికను చూసి తనకే భయమేసింది. 'కావాలనుకున్న మాటే నిజమనిపిస్తుంది కదా,' అనుకుని, ముందుకు జరిగి అడిగింది.

"బావా, అక్కడ మేడిపళ్లు పండాయా?"

"పండడమేమిటి వదినా, రాలి గుట్టలు పడ్డాయి!"

"మరి కొండముచ్చులు గొడవ చేస్తున్నాయా? నిద్ర పట్టనివ్వవట కదా?"

"అబ్బే! ఒక్కటి కూడా కిక్కురుమనదు. పిట్ట కూత కూడా లేదు. అంత ప్రశాంతం!"

నూకాలు చెవులు నిలబడ్డాయి. మేడిచెట్టు పండితే కొండముచ్చులూ గువ్వలూ కలిసి చేసే రచ్చకు కొండ అవతలివాళ్లకు కూడా చెవులు చిల్లులు పడాలి. పళ్లు గుట్టలు పడి ఉన్నా నోరెత్తని కొండముచ్చులా? కానీ నక్కను మొహం మీద అబద్ధాలకోరు అనడానికి తన దగ్గర ఏముంది? ఒకవేళ నిజమే చెబుతున్నాడేమో కూడా!

"సరే బావా, వెళ్దాం," అంది. "కానీ వాగు గొంతులోంచి వద్దు. కొండ అంచు మీదుగా పోదాం. పోయే చోటును ముందు పైనుంచి ఒకసారి చూసుకుంటే తప్పేముంది?"

"బండలు కాలతాయి వదినా, నీ లేత పాదాలు..."

"నా పాదాల సంగతి నాకు వదిలెయ్."

పోలన్న తల ఊపాడు. "అమ్మాయి చెప్పింది బాగుంది. ఏ పుట్టలో ఏ పాముందో. అంచు మీదుగానే పోదాం." పెద్దదున్న మాట అన్నాక నక్క ఏం చేస్తాడు? తోక ఊపాడు.

తెల్లారి ఎండ ముదరకముందే కొండ అంచుకు చేరారు. ముందు చేరింది నూకాలే. చివరి బండ ఎక్కి అవతలికి చూసి, అలాగే నిలబడిపోయింది.

ఎన్నిసార్లు విన్నా వినడం వేరు. ఎదురు కొండ నెత్తి మీంచి నీళ్లు ఒక్కుమ్మడిగా దూకుతున్నాయి. సగం దూరం వచ్చేసరికి అవి నీళ్లు కావు, తెల్లటి పొగ. ఆ పొగలోంచి ఇంద్రధనుస్సు లేచి లోయకు అడ్డంగా వాలింది. దూకే నీటి మోతకు కాళ్ల కింది బండ వణుకుతోంది. తన గుండె కొట్టుకుంటోందో, కొండ గుండె కొట్టుకుంటోందో నూకాలుకు తెలియలేదు. వెనక వచ్చిన పోలన్న అంతటివాడు కూడా మోకాళ్ల మీద కూలబడ్డాడు.

"చూశారా! నెత్తురేది? చావేది? దిగండి, దిగండి!" అన్నాడు జగ్గప్ప.

దుప్పులు దిగబోయాయి. నూకాలు కళ్లు మాత్రం మేడిచెట్టు కింద ఆగిపోయాయి. ఎర్రటి పళ్లు గుట్టలుగా పడి, ఈగలు ముసిరి కుళ్లిపోతున్నాయి. ఒక్కదానికీ పంటి గాటు లేదు. తల తిప్పి చూస్తే, పక్కనున్న నిట్టనిలువు రాతిగోడకు కొండముచ్చులు అతుక్కుని కూర్చున్నాయి. డొక్కలు లోపలికి పోయాయి.

"అవ్వా, కిందికి దిగి తినరేం?" అని దగ్గరున్న ముసలి కొండముచ్చును అడిగింది.

ముసలిది నోరు తెరిచింది గానీ గాలే వచ్చింది. కాసేపటికి గొంతు పెగిలింది. "అరిచాం తల్లీ... వచ్చినవాళ్లకల్లా చెప్పాలని అరిచి అరిచి గొంతులు పోయాయి. అడుగు దించకండి."

"ముసలిదాని చాదస్తం!" అన్నాడు నక్క గబగబా.

నూకాలు నక్క వైపు తిరిగింది. "కావచ్చు బావా. నీ మాటే నిజమనుకుంటాం. నువ్వు కిందికి దిగి, ఆ మడుగులో ఒక్క గుక్క తాగి చూపించు. నీ వెనకే నేను దిగుతాను. నా వెనక అందరూ దిగుతారు."

అందరి కళ్లూ నక్క మీదే. కాదంటే గుట్టు రట్టు. కింద ఉన్నవాడు తనవాడే కదా అన్న ధీమాతో జగ్గప్ప వాగు గొంతులోకి దిగాడు. మడుగు దగ్గర తల వంచాడు.

మడుగు పక్కనున్న నాచుబండ కదిలింది.

అది బండ కాదు. పెద్దపులి. నీటి తుంపరలు మెరిసే ఒంటితో అది లేచి నిలబడుతుంటే, ఎండా నీడా కలిసి నడుస్తున్నట్టుంది. నూకాలుకు ఊపిరి ఆగింది. భయంతో ఆగిందో, ఇంత అందం ఉంటుందా అని ఆగిందో ఆమెకే తెలియదు.

"ఒక్కడివే వచ్చావేం?" పులి గొంతు రెండు కొండల మధ్యా మార్మోగింది. "వాగు గొంతులోంచి మందను తోలుకొస్తానన్నావు. దున్న ఏదీ? దుప్పులేవీ?"

"పైనున్నారు ప్రభూ... దిగుతారు... కాస్త నెమ్మదిగా..."

కొండ అంచు మీద ప్రతి చెవిలోనూ ఆ మాట పడింది. పులి తలెత్తి చూసింది. దాని పసుపు కళ్లు ఒక్క క్షణం నూకాలు కళ్లలో ఆగాయి. పోలన్న లేచి కొమ్ములు వంచి బండ అంచున నిలబడ్డాడు. ఆ నిట్టనిలువు రాతిగోడ ఎక్కి దున్నను పట్టడం ఎంతటి పులికైనా కుదిరే పని కాదు. అది పులికీ తెలుసు.

"నన్ను ఆకలితో కూర్చోబెట్టావు," అని పులి నక్క వైపు తిరిగింది.

పంజా లేచింది. జగ్గప్ప మడుగులోకి దూకాడు. చెవి ముక్క ఒకటి ఒడ్డున మిగిలింది, మిగతా నక్కను సుడి లాక్కుపోయింది. వాగు వెంట చాలా దూరాన దగ్గుతూ గట్టెక్కాడని తర్వాత కాకి సుబ్బి చెప్పింది. ఎర్రగట్టు మీద మళ్లీ అతని మొహం కనిపించలేదు.

పులి ఒడ్డున కాసేపు అటూ ఇటూ తిరిగి, తుప్పల్లోకి వెళ్లి పడుకుంది.

"ఇక వెనక్కి పోదాం," అంది ముంగిస అత్త.

"ఒక్క పూట ఉండండత్తా," అంది నూకాలు. గాలి మళ్లింది. ధార మీంచి తుంపరలు లేచి కొండ అంచు దాకా వచ్చాయి. బండల గుంటల్లో నీళ్లు నిండాయి. కొండముచ్చులు దగ్గరికి జరిగాయి. దుప్పులు నాలుకలు చాపాయి. పోలన్న కళ్లు మూసుకుని ఒళ్లంతా తడుపుకున్నాడు. కింద పులి ఉందని అందరికీ తెలుసు, ఎవరూ కిందికి దిగలేదు. నూకాలు ఆ పూటంతా అంచు మీదే కూర్చుని, తడిసిన మీసాలతో, పడే నీళ్లను రెప్ప వేయకుండా చూసింది.

పోయే చోటు మంచిదో కాదో తీసుకెళ్లేవాణ్ణి కాదు, అక్కడ బతికేవాళ్లను అడగాలి.