ఎర్రదీపం ఆర్పిన నూకాలు

జమీందారు కారులో స్టీరింగు వెనక ఎర్రదీపం వెలిగింది. పెళ్ళికి బయల్దేరుతున్న ఆయన, పాత డ్రైవరు సోములు భార్య నూకాలుని పిలిపించాడు. "మీ ఆయన దగ్గర పని నేర్చుకున్నావుగా, దీన్ని ఆర్పెయ్."

నూకాలు బల్బు పీకేసింది. ఆయన మురిసిపోయి ఎక్కబోతే అడ్డం నిలబడింది.

"ఎక్కకండి బాబూ, ఇంజనులో ఆయిలు లేదు."

"అయితే ఆ సంగతి చెప్పే దీపాన్నే పీకేస్తావా? బుద్ధుందా?"

"ఆయిలు కారుతోందని ముందే చెప్పిన మా ఆయన్ని, కొండమీది బంగళా కాపలాకి తోలేశారు కదా బాబూ. ఎనిమిది నెలలైంది. రోజూ ఆ దారే చూస్తన్నాను."

జమీందారు తల దించుకున్నాడు. "సరే, కబురు పంపుతాను. ముందు ఆ బల్బు పెట్టు."

నూకాలు ఇంకా వెచ్చగా ఉన్న బల్బుని గుప్పిట్లో మూసుకుంది.

"తియ్యడమే నాకొచ్చు బాబూ. పెట్టడం ఆయనకే వచ్చు."