జంబులింగం ఎత్తుకెళ్ళిన మూడో డిస్కు

బొగ్గులకొండ అడవిలో, వాగుకు ఇవతల ఒక రేకుల గది ఉంది. చెట్లు లెక్కపెట్టడానికి వచ్చిన మనుషులెవరో దాన్ని కట్టుకున్నారు. లెక్క తేలలేదో, దోమలే వాళ్ళ లెక్క తేల్చాయో గానీ, ఒక వానాకాలం చూసి మళ్ళీ అటు రాలేదు. పోతూ పోతూ ఒక కంప్యూటరు, కప్పు మీద సోలార్ పలక, మూలన ఒక రేకు పెట్టె వదిలేసి పోయారు. జంతువులు ఆ గదిని కచేరీ చేసుకున్నాయి.

కచేరీకి పెద్ద ఎద్దు నందప్ప. ఒకప్పుడు పొలం దున్నినవాడు. ఒక చాలు పూర్తి కాకుండా రెండో చాలు వైపు చూడడు. "నోటిమాట నీటిమూట" అని అతనే ఒక నియమం పెట్టాడు. ఏ గుహ ఎవరిది, ఎండాకాలం మడుగులో ఎవరి వంతు ఎప్పుడు, ఎవరు ఎవరికి ఏం మాటిచ్చారు, అన్నీ కంప్యూటర్లో ఎక్కాల్సిందే. ఎక్కించేవాడు కోతి దూకుడయ్య. వేళ్ళు చురుకు, నోరు ఇంకా చురుకు. యంత్రానికి జబ్బు చేస్తే చూసేది అలుగు గవరమ్మ. ఒళ్ళంతా పొలుసులు, స్క్రూలు విప్పడానికే పుట్టినట్టున్న పొడుగాటి గోళ్ళు. రెండేళ్ళు పట్నంలో ఒక కంప్యూటర్ రిపేరు కొట్టు నేల కింద కాపురం ఉండి, పైన మాట్లాడేవన్నీ విని పని నేర్చుకుంది. బెదిరితే బంతిలా చుట్టుకుపోతుంది. బెదరనప్పుడు ఆమెను మించిన తెలివైనది ఆ అడవిలో లేదు.

ఎండలు ముదిరిన ఒక ఉదయం గవరమ్మ కంప్యూటరుకు చెవి ఆనించి విని, ముఖం చిన్నబుచ్చుకుంది.

"పెద్దయ్యా, లోపల టిక్కు టిక్కుమంటోంది. మన మాటలన్నీ దాచుకునే హార్డ్ డిస్కు ముసలిదైపోయింది. ఇవాళో రేపో అంటోంది."

"అది పోతే?" అన్నాడు నందప్ప.

"దాంతోపాటు అన్నీ పోతాయి."

ఈ మాట విని కుందేలు పాపాయమ్మ ఒక్క గెంతులో కంప్యూటరు పక్కకు వచ్చింది. కారణం ఉంది. కిందటి వానల్లో నక్క జంబులింగం బొరియ కూలిపోతే, పాపాయమ్మ జాలిపడి కొండ వాలులో ఉన్న తన బొరియలో చోటిచ్చింది. "వానలు వెలిసేదాకా" అని అందరి ముందూ మాట. ఆ మాట కంప్యూటర్లో ఎక్కింది, కింద జంబులింగం పంజా గుర్తుతో సహా. వానలు వెలిశాయి, చలి వచ్చింది, ఎండలూ వచ్చాయి, జంబులింగం మాత్రం కదల్లేదు. ఒక్క పూట చోటు అడిగినవాడు మెల్లగా గుమ్మం పట్టాడు, గుమ్మం పట్టినవాడు ఇల్లు పట్టాడు. పాపాయమ్మ ఐదుగురు పిల్లలతో ముళ్ళ కలే పొద కింద ఉంటోంది. ఆఖరిదానికి దగ్గు. మళ్ళీ వానలు దగ్గర పడుతున్నాయి. పాపాయమ్మ కచేరీలో మొరపెట్టుకుంటే తీర్పు నెలాఖరుకు పెట్టారు.

ఇక జంబులింగానికి ఆ టిక్కు టిక్కు మంగళవాద్యంలా వినిపించింది.

"పుట్టినది గిట్టక తప్పదు గవరమ్మక్కా! ముసలి ప్రాణాన్ని ఎందుకు హింసపెడతావు? పోనీ దాన్ని" అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ.

"పోనిస్తాను బావా. ముందు దాని కడుపులో ఉన్నవన్నీ కొత్తదానిలోకి దించి పోనిస్తాను" అంది గవరమ్మ.

రేకు పెట్టె తెరిస్తే అందులో ఐదు కొత్త హార్డ్ డిస్కులు బయటపడ్డాయి. ఒకటి పెట్టాలా, అన్నీ పెట్టాలా అని సభ కూడింది.

"ఒక్కటే పెడితే మళ్ళీ ఇదే ఏడుపు. అందుకే నాలుగైదు డిస్కులు కలిపి, ఒకటే పెద్ద డిస్కులా వాడతారు. పట్నంలో దాన్ని రెయిడ్ అంటారు" అని గవరమ్మ మొదలుపెట్టింది.

జంబులింగం ఉలిక్కిపడి లేచాడు. "రెయిడా! ఎవరి బొరియ మీద?"

సభంతా నవ్వింది. "కూర్చో బావా, నీ మీద కాదులే, ఇంకా" అంది గవరమ్మ.

దూకుడయ్య కొమ్మ మీంచి దూకాడు. "నే చెప్తా వినండి! ఒక్కో ఫైలునీ నాలుగు ముక్కలు చేద్దాం, నాలుగు డిస్కుల్లో పరుద్దాం. అడగగానే నాలుగూ ఒకేసారి తెచ్చి ఇస్తాయి. ఒకడు మోసే మూట నలుగురు మోస్తే ఎంత సేపు? ఇప్పుడు జింకల వంతు చూడాలంటే నేను రెండు అరటిపళ్ళు తినేదాకా ఆగాలి. అప్పుడు తొక్క తీసేలోపు వచ్చేస్తుంది!"

కుర్రకారంతా ఈలలు వేసింది. జంబులింగం అందరికంటే గట్టిగా. "శభాష్ తమ్ముడూ! ఆలస్యం అమృతం విషం!"

గవరమ్మ చెయ్యెత్తింది. "వేగం నిజమే. కానీ వినండి. అలా ఊరికే ముక్కలు చేసి పరిస్తే, నాలుగింట్లో ఒక్కటి పోయినా అంతా పోయినట్టే. మిగిలిన ముక్కలు దేనికీ కొరగావు."

ఆ మాట చెవిన పడగానే జంబులింగం ముఖం వెలిగింది. అతనికి కావలసింది దొరికింది. అదే సమయానికి వాగు వైపు నుంచి పీతల వాసన కూడా వచ్చింది. "మీరు మాట్లాడుకుంటూ ఉండండి, నాకు పనుంది" అని మెల్లగా జారుకున్నాడు.

అతను వెళ్ళాక నందప్ప తల ఆడించాడు. "పరిగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్ళు తాగడం మేలన్నారు. గవరమ్మా, ఒక డిస్కులో రాసిందే ఇంకో దాంట్లోనూ రాస్తే?"

"అదీ ఉంది పెద్దయ్యా. జంట కట్టడం. భద్రమే. కానీ నాలుగు పెడితే రెండింటి చోటే దక్కుతుంది. మన అడవిలో మాటలిచ్చేవాళ్ళు మరీ ఎక్కువ, చోటు చాలదు. మధ్యే మార్గం ఇంకోటుంది, చూడండి."

గవరమ్మ నాలుగు ఆకు దొన్నెలు తెప్పించి మూడింటిలో రేగుపళ్ళు పోసింది. ఒకదాంట్లో ఐదు, ఒకదాంట్లో మూడు, ఒకదాంట్లో నాలుగు. నాలుగో దొన్నెలో పళ్ళు పోయలేదు. దాని మీద గోరుతో 'పన్నెండు' అని గీసింది.

"ఇప్పుడు ఒక దొన్నె పోయిందనుకోండి..." అంటూ వెనక్కి తిరిగేసరికి, అనుకోవలసిన పని లేకుండా పోయింది. రెండో దొన్నె ఖాళీ. దూకుడయ్య బుగ్గలు ఉబ్బి ఉన్నాయి.

"మంచిదే" అంది గవరమ్మ నవ్వి. "మిగిలినవి ఐదు, నాలుగు, కలిపి తొమ్మిది. మొత్తం పన్నెండని నాలుగో దొన్నె చెబుతోంది. అయితే దూకుడయ్య నోట్లో ఉన్నవెన్ని?"

"మూడు!" అని పాపాయమ్మ పిల్లలు అరిచారు. దూకుడయ్య సిగ్గుపడి మూడు గింజలు ఉమ్మాడు.

"ఇంతే సంగతి. లోపల లెక్క ఇంకొంచెం తిరకాసుగా ఉంటుంది. మొత్తం గుర్తుంచుకునే పని కూడా ఒక్కదాని నెత్తినే పడకుండా నాలుగూ వంతులేసుకుంటాయి. ఏ ఒక్కటి పోయినా, మిగతా మూడూ కూడబలుక్కుని పోయినదాన్ని మళ్ళీ పుట్టిస్తాయి. చదవడంలో వేగం కూడా పెరుగుతుంది. ఐదోది పెట్టెలో దాచుదాం, అవసరానికి."

సభ ఒప్పుకుంది. గవరమ్మ ముసలి డిస్కును పసిబిడ్డలా చూసుకుంటూ, అందులోవన్నీ నాలుగింట్లోకి దించింది. పని పూర్తయిన మూడో రోజున అది కన్ను మూసింది.

ఆ వారమే జంబులింగం కోతిని దారిలో పట్టుకున్నాడు. "ఏం తమ్ముడూ, ఆ రోజు నీ మాటే నెగ్గిందా?"

నెగ్గలేదని చెప్పడానికి దూకుడయ్యకు నోరు రాలేదు. "మరేమనుకున్నావు? నాలుగు డిస్కులు పెట్టారు. ఫైళ్ళు ముక్కలు చేశారు. వేగం పెరిగింది. అంతా నా ఆలోచనే!"

చివరి మాట తప్ప అందులో ఒక్క అబద్ధం కూడా లేదు. రేగుపళ్ళ సంగతి ఒక్కటి మింగేశాడు, పళ్ళతోపాటు.

తీర్పు రోజు రానే వచ్చింది. సాయంత్రం సభ. మధ్యాహ్నం ఎండ మాడ్చేస్తోంది. నందప్ప గుమ్మంలో పడుకుని అరమోడ్పు కళ్ళతో నెమరేస్తున్నాడు. జంబులింగం వెనక కిటికీలోంచి దూరి, నాలుగు డిస్కుల్లో మూడోదాన్ని పళ్ళతో పట్టి లాగాడు. దాన్ని తెచ్చి తను కాజేసిన బొరియలోనే పూడ్చాడు. "నాలుగూ మోస్తే బరువని ఒకటే తెచ్చాను. తెలివి ఉంటే శ్రమ తక్కువ" అనుకుని మీసాలు దువ్వుకున్నాడు.

కాసేపటికి కంప్యూటరు కీచుమంది, ఎర్ర దీపం వెలిగింది. గవరమ్మ పరుగున వచ్చి, ఖాళీ చోటు చూసి భయంతో బంతిలా చుట్టుకుపోయింది. నందప్ప ముట్టెతో మెల్లగా కదిపితే గానీ విచ్చుకోలేదు.

"పోయాయా అన్నీ?" అన్నాడు నందప్ప.

"పోలేదు పెద్దయ్యా. మిగతా మూడూ మోస్తున్నాయి. కానీ వాటికిప్పుడు ఊపిరాడని పని. ఇంకొక్కటి కూలబడిందా, ఇక మనం చేయగలిగింది ఏమీ లేదు. ఐదోదాన్ని పెడతాను, కానీ పోయినదంతా దానికి నేర్పడానికి గంటలు పడుతుంది. ఆ గంటల్లో ఏమన్నా అయితే..." గవరమ్మ ఎర్ర దీపం వైపు చూసింది. "ఆ కుందేలు పిల్ల దగ్గు వింటున్నారుగా. వానలు పడేలోపల ఇల్లు దక్కకపోతే అది బతకదు."

నందప్ప కాసేపు నెమరేశాడు. "ముందు పాపాయమ్మ మాట చదువుదాం. తరవాత ఐదోది పెడుదువుగాని. ఈలోగా ఎవరితోనూ ఏమీ అనకు. ఎత్తుకెళ్ళినవాడి నోటితోనే చెప్పిద్దాం."

గవరమ్మ సభ అయ్యేదాకా ఆ మూడు డిస్కుల ముందు నుంచి కదల్లేదు.

సాయంత్రం అందరూ చేరారు. పాపాయమ్మ పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చింది. జంబులింగం ఒళ్ళు నాకి శుభ్రం చేసుకుని, పెళ్ళికొడుకులా వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు.

"పాపాయమ్మ చెల్లెమ్మ నాకు ఆ ఇల్లు మనస్ఫూర్తిగా ఇచ్చేసింది. ఇప్పుడు మనసు మారితే నేనేం చెయ్యను? వానలు వెలిసేదాకానే అంటోంది, సరే, రాత ఉందిగా, తీసి చూపించండి. రాతలో అలా ఉంటే ఇప్పుడే లేచిపోతా" అన్నాడు.

"అన్న మాట మీద ఉంటావా?" అన్నాడు నందప్ప.

"నక్క నోట రెండు మాటలు వస్తాయా?"

సభలో కొందరికి దగ్గొచ్చింది. దూకుడయ్య మీట నొక్కాడు. తెర మీద చిన్న సున్నా తిరగడం మొదలుపెట్టింది. తిరిగింది, తిరిగింది, తిరుగుతూనే ఉంది. పాపాయమ్మ కళ్ళు మూసుకుంది. గవరమ్మ గోళ్ళతో నేల గీరుతోంది.

"రాదు లెండి. పాపం, ఎందుకు దాన్ని తిప్పుతారు? తల తిరుగుతుంది. ఇళ్ళకు పోదాం పదండి" అంటూ లేచాడు జంబులింగం.

సున్నా ఆగింది. తెర నిండా అక్షరాలు పరుచుకున్నాయి. 'జంబులింగం అను నక్క, వానలు వెలిసేదాకా మాత్రమే...' అని, కింద పంజా గుర్తు, నాలుగు వేళ్ళూ స్పష్టంగా.

జంబులింగం నోరు తెరిచాడు. "అదెలా వస్తుంది? రాకూడదే! నాలుగింట్లో ఒక్కటి లేకపోయినా అంతా పోయినట్టేనని నువ్వే చెప్పావుగా గవరమ్మక్కా!"

"చెప్పాను" అంది గవరమ్మ.

"ఒకటి లేదని నీకెవరు చెప్పారు జంబులింగం?" అన్నాడు నందప్ప, నెమరు ఆపకుండానే.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, జంబులింగం చప్పున ముందు కాళ్ళు వెనక్కి దాచుకున్నాడు. గోళ్ళ నిండా బొరియ ఎర్రమట్టి. దూకుడయ్య కిచకిచ నవ్వబోయి, ఈ గొడవలో తన గొప్పలకు కూడా వాటా ఉందని గుర్తొచ్చి, నవ్వు మింగేశాడు. ఆ తరవాత తనే ముందుకొచ్చి, "ఆ రోజు నా మాట నెగ్గలేదు బావా. చెప్పుకోలేక అలా అన్నాను" అని ఒప్పుకున్నాడు.

"ముందే చెప్పి ఉంటే నాకీ తిప్పలుండేవి కావు కదరా" అన్నాడు జంబులింగం నిజంగానే బాధపడుతూ.

తీర్పు ఎక్కువసేపు పట్టలేదు. చీకటి పడకముందే జంబులింగం డిస్కును తవ్వి తెచ్చి ఇచ్చాడు, బొరియ ఖాళీ చేశాడు. పాపాయమ్మ గుమ్మం ముందు వరదనీరు మళ్ళేలా కాలవ తవ్వే పని కూడా అతనికే పడింది. మట్టి కరిచిన డిస్కును పక్కన పడేసి, గవరమ్మ ఐదోదాన్ని ఎక్కించింది. మర్నాటికి ఎర్ర దీపం ఆరి, పచ్చ దీపం వెలిగింది.

అందరూ చప్పట్లు కొడుతుంటే గవరమ్మ ఇంకో మాట చెప్పింది. "దీన్ని చూసి నిద్రపోకండి. ఈసారి డిస్కు పోయింది కాబట్టి బతికాం. రేపెవరైనా లోపలికొచ్చి మాటనే చెరిపేస్తే, నాలుగూ కలిసికట్టుగా ఆ చెరిపిన చోటునే భద్రంగా దాస్తాయి. పిడుగు పడితే నాలుగూ ఒకేసారి కాలతాయి. వేరే చోట ఒక నకలు ఉండాల్సిందే." అప్పటి నుంచి ప్రతి అమావాస్యకూ ఒక కొంగ అవతలి కొండకు నకలు పట్టుకెళ్ళి గుడ్లగూబ దగ్గర దాచి వస్తోంది.

నాలుగు రోజులకు తొలి వాన కుండపోతగా పడింది. పాపాయమ్మ పిల్లలు వెచ్చగా ఒకరి మీద ఒకరు పడి నిద్రపోయారు. ఆఖరిదాని దగ్గు తగ్గింది. బయట జంబులింగం ఇంకా కాలవ తవ్వుతున్నాడు, చెవుల్లోంచి నీళ్ళు కారుతున్నాయి. పాపాయమ్మ చాలాసేపు చూసి, ఉండబట్టలేక తల బయటపెట్టింది.

"తడిసి చస్తావు, వచ్చి గుమ్మంలో నిలబడు అన్నయ్యా. వాన తగ్గేదాకానే. లోపలికి మాత్రం ఒక్క అడుగు వేశావంటే కొంగను పంపి నకలు తెప్పిస్తాను."

జంబులింగం వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు, నాలుగు కాళ్ళూ దగ్గరగా పెట్టుకుని.

నీతి: ఒకరి లోటును మిగతావాళ్ళు పూడ్చుకునే చోట, సగం విని ఎత్తు వేసినవాడికి మట్టే మిగులుతుంది.