అసిరి వంతు

మా ముత్తవ్వ చిన్నప్పటికే పాతబడిపోయిన కథ ఇది. అనగా అనగా ఒక ఉప్పుటేటి ఒడ్డు. ఆ ఒడ్డున ఒక తాటాకు గుడిసె. అందులో దానయ్య, అతని పెళ్ళాం అసిరి, వాళ్ళ ఒక్కగానొక్క కూతురు పైడి. దానయ్య ఏట్లో వల వేసేవాడు. అసిరి ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని ఊళ్ళు తిరిగేది. ఏడేళ్ళ పైడి తల్లి కంటే ముందు పరిగెత్తి, "చేపలమ్మా, చేపలు!" అని కేకేసేది.

ఒకనాడు ఆ పిల్ల కుంటుతూ వచ్చింది. మోకాలి పైన నిమ్మకాయంత వాపు.

మొదటి వైద్యుడు పసరు కట్టాడు. వాపు పెరిగింది. రెండో వైద్యుడు ఇనుపకడ్డీ కాల్చి వాత పెట్టాడు. పిల్ల ఏడుపు వినలేక దానయ్య చెవులు మూసుకున్నాడు. వాపు ఇంకా పెరిగింది. పిల్లని భుజాన వేసుకుని మూడు రోజులు నడిచి, కొండ కింద మందులవ్వ దగ్గరికి పోయారు. అవ్వ కాలు తడిమి చూసింది. విప్పబోయిన సంచి మళ్ళీ కట్టేసింది.

"ఇది రాచపుండు తల్లీ. నా దగ్గర మందు లేదు. నొప్పికి ఆకు ఇస్తాను. ఇంక బిడ్డని తిప్పకండి."

"ఇంకో వైద్యుడున్నాడట," అన్నాడు దానయ్య.

"వద్దు. ఇంటికి పోదాం," అంది అసిరి.

ఆ తర్వాత దానయ్య ఇంట్లో నిలవలేకపోయాడు. వేట అయిపోయినా ఏటి ఒడ్డునే కూర్చునేవాడు.

"అమ్మా, అయ్యకి నా మీద కోపమా?" అని అడిగింది పైడి.

అసిరి ఒడ్డుకి పరిగెత్తింది. "పిల్ల నిన్ను అడుగుతోంది. ఏడుపొస్తే దాని పక్కన కూర్చుని ఏడు!" అంది. ఆనాటి నుంచి దానయ్య వేట నుంచి నేరుగా వచ్చి పిల్లని ఒళ్ళో పెట్టుకునేవాడు.

ఇరుగుపొరుగు వచ్చేవాళ్ళు. "ఎలా ఉంది?" అనేవాళ్ళు. "ఫలానా వేరు అరగదీసి పెట్టు" అనేవాళ్ళు. వెళ్ళిపోయేవాళ్ళు.

ఒక మధ్యాహ్నం అసిరి గోడకి ఆనుకుని కునికింది. లేచి చూస్తే పిల్ల పెదాలు ఎండిపోయి ఉన్నాయి.

"నీళ్ళు అడగొచ్చు కదమ్మా?"

"మూడుసార్లు అడిగాను. నువ్వు నిద్రపోతున్నావు. పాపం, పడుకోనీ అని ఊరుకున్నాను."

వానలు మొదలైన వారానికి పైడి తండ్రి ఒళ్ళోనే కన్నుమూసింది.

అసిరి చాలాకాలం గంప ఎత్తలేదు. ఒకరోజు ఊరి చివరింట్లో ఎవరి బిడ్డో జ్వరంతో పడి ఉందని వింది. లేచి వెళ్ళింది. ఎలా ఉందని అడగలేదు. ఏ మందూ చెప్పలేదు. "నువ్వు పడుకో చెల్లీ. నేను కూర్చుంటాను," అంది. ఆ తల్లి పొద్దువాలే దాకా ఒళ్ళు తెలియకుండా నిద్రపోయింది.

ఇంటికొచ్చి అసిరి మొగుడి భుజం మీద పడి బావురుమంది. "మన పైడి దగ్గర ఇలా ఎవరూ కూర్చోలేదయ్యా."

అప్పటి నుంచి ఏ ఇంట బిడ్డ మంచాన పడ్డా అసిరి వెళ్ళేది. కొందరు బిడ్డలు బతికారు. కొందరు పోయారు. ఏ తల్లినీ ఆమె మధ్యలో వదిలి రాలేదు.

ముసలిదై అసిరి పోయిన రోజున కూడా ఒకింట్లో బిడ్డ మంచాన ఉంది. ఆమెను సాగనంపి ఆడవాళ్ళు వీధిలో నిలబడ్డారు.

"బిడ్డ పక్కన కూర్చునే వంతు ఎప్పుడూ అసిరిదే కదా. ఇప్పుడెవరు పోతారు?"

"నేను పోతాను," అంది ఒకామె. "రేపు నేను," అంది ఇంకొకామె.

ఆ ఏటి ఒడ్డు ఊళ్ళలో ఇప్పటికీ అంతే. బిడ్డ మంచాన ఉన్న ఇంటికి పూటకొకరు వస్తారు. గుమ్మంలో నిలబడి ఒక్కటే మాట అంటారు: "అసిరి వంతుకి వచ్చాను."

ఆ తల్లి ఇంకేమీ అడగదు. చాప పరుచుకుని పడుకుంటుంది.