కాకి ముట్టని ఆకు

అనగనగా ఒక అడవి. అది ఎక్కడుందని మాత్రం అడక్కండి పిల్లలూ. మన వీధి మలుపు దగ్గరే నేను తప్పిపోతుంటాను, మీ అమ్మకి తెలుసు. ఇక అడవికి దారేం చెప్పగలను?

ఆ అడవిలో ఒకే ఒక్క కాకి జంట ఉండేది. మగకాకి పేరు బొగ్గయ్య, ఆడకాకి పేరు కాటుకమ్మ. బొగ్గయ్య చిన్నప్పుడు ఊళ్ళో, ఏటి ఒడ్డున పెరిగాడు. అక్కడ మనుషుల్లో ఎవరైనా పోతే పదోరోజున ఆకు వేసి, పోయినవాళ్ళకి ఇష్టమైనవన్నీ వడ్డించి, దూరంగా నిలబడి కాకి కోసం చూస్తారు. కాకి ముడితే పోయినవాళ్ళు తృప్తి పడ్డారని అర్థం. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిపోయిందని అర్థం.

బొగ్గయ్య ఈ సంగతి అడవిలో చెప్పాడు. జంతువులకి తెగ నచ్చేసింది. ఏడుపు ఎప్పుడు ఆపాలో అప్పటిదాకా వాటికి ఎవరూ చెప్పలేదు మరి.

అడవికి పెద్ద జడలయ్య అనే ఎలుగుబంటి. అతను వెంటనే ఒక రూలు పెట్టాడు.

"కాకి ముట్టేదాకా ఏడవండి, ఎవరూ కాదనరు. కానీ అప్పటిదాకా పొద్దున్నే అందరితో కలిసి మడుగులో నీళ్ళు తాగకూడదు. కాకి ముట్టాక రండి, తాగండి. ముట్టాక కూడా ఏడిస్తే మళ్ళీ రాకూడదు. అంతే!"

మొదట అడవిపందుల తాత పోయాడు. బాగా ముసలివాడు. పదోరోజున మోదుగాకులో దుంపలు పెట్టారు. బొగ్గయ్య వాలాడు, పొడిచాడు, మింగాడు. "తృప్తి పడ్డాడు!" అన్నాడు. పందులన్నీ మధ్యాహ్నానికల్లా బురదలో దొర్లుతున్నాయి.

తర్వాత కుందేలు తమ్ముడు పోయాడు. ఆకులో లేత గరిక పెట్టారు. కాకి గరిక తినదు కాబట్టి పక్కన నాలుగు పురుగులు కూడా పెట్టారు. కానీ ఆ పొద్దునే బొగ్గయ్య మేడిపళ్ళు గొంతుదాకా తిని ఉన్నాడు. కొమ్మ మీద కూర్చుని కళ్ళు మూసుకున్నాడు. కుందేలుకి కాళ్ళూ చేతులూ ఆడలేదు.

"తమ్ముడూ, నీ బొరియ నేను తీసుకోనురా!" అంది. కాకి కదల్లేదు.

"నీ మీద చాడీలు చెప్పింది నేనేరా, తప్పయిపోయింది!" అంది. కాకి కదల్లేదు.

"ఒరే, ఇక జన్మలో ముల్లంగి తిననురా!" అంది. ఈలోగా మేడిపళ్ళు అరిగాయి. కాకి కిందికి దిగింది. ఆ రోజు నుంచి కుందేలు ముల్లంగి మొహం చూడలేదు.

మూడోసారి చుక్కమ్మ అనే తల్లిదుప్పికి బిడ్డ పోయింది. వాగు పొంగి కొట్టుకుపోయింది. ఎనిమిది రోజుల పిల్ల. దానికి ఏది ఇష్టమో తల్లికే తెలియదు, పాలు తప్ప ఇంకేమీ రుచి చూడలేదు. చుక్కమ్మ చాలాసేపు ఆలోచించి నాలుగు ఇప్పపూలు తెచ్చి ఆకులో పెట్టింది. కాస్త పెద్దయ్యాక దానికి రుచి చూపిద్దామనుకుందట. బొగ్గయ్య రెండు పూలు తిన్నాడు. "తృప్తి పడింది!" అన్నాడు. అందరూ ఇళ్ళకి వెళ్ళిపోయారు.

మర్నాడు మడుగు దగ్గర చుక్కమ్మ నీళ్ళు తాగబోయి ఏడ్చింది.

"అదేంటమ్మాయ్? నిన్న ముట్టానుగా, అయిపోయిందిగా?" అన్నాడు బొగ్గయ్య.

"నీకు అయిపోయిందేమో అన్నా. నాకు అవలేదు."

"పందులకి అయింది. కుందేలుకి అయింది. నీ ఒక్కదానికే ఎందుకవదు? అందరి ముందూ నా పరువు తీస్తావా?"

జడలయ్య గొంతు సవరించుకున్నాడు. "రూలు రూలే తల్లీ," అన్నాడు.

అప్పటినుంచి చుక్కమ్మ మిట్టమధ్యాహ్నం ఒక్కతే వచ్చేది. పొద్దున్నుంచి అందరూ తొక్కి వెళ్ళిన బురదనీళ్ళు తాగి వెళ్ళిపోయేది.

వానాకాలం మొదట్లో గాలివాన వచ్చింది. మద్దికొమ్మ విరిగి కాకిగూడు మీద పడింది. గూట్లో కాటుకమ్మ ఉంది, బొగ్గయ్య లేడు. ఇంతకన్నా చెప్పడానికేమీ లేదు. బొగ్గయ్య కూడా ఎవరికీ ఇంతకన్నా చెప్పలేదు.

పదోరోజు వచ్చింది. అడవంతా కదిలి వచ్చింది. కాటుకమ్మకి ఉసిళ్ళంటే ప్రాణం. తొలివానకి పుట్టల్లోంచి లేచే రెక్కల పురుగులు చూశారూ, అవే. జడలయ్యే స్వయంగా పుట్టలన్నీ తిరిగి ఏరుకొచ్చాడు. ఉసిళ్ళంటే ఎలుగుబంటికీ ప్రాణమే. ఆకు పట్టుకొస్తున్నంతసేపూ పాపం నోరు గట్టిగా బిగించుకునే నడిచాడు. అందరూ చెట్ల చాటున నిలబడ్డారు. అడవిలో మిగిలిన కాకి ఒక్కటే. అది ఎవరో మీకు తెలుసు.

"కానీవోయ్ బొగ్గయ్యా, ముట్టు," అన్నాడు జడలయ్య.

బొగ్గయ్య ఆకు దగ్గరికి గెంతాడు. పది రోజులుగా సరిగ్గా తిండి లేదు. ఆకలి దంచేస్తోంది. ఉసిళ్ళ వాసనకి నోట్లో నీళ్ళు కూడా ఊరాయి. ముక్కు తెరిచాడు. తింటే ఏమవుతుందో అతనికి బాగా తెలుసు. అందరూ ఒక్కసారి "అయిపోయింది" అంటారు. ఇళ్ళకి వెళ్ళిపోతారు. రేపటి నుంచి కాటుకమ్మ మాట ఎత్తితే, "అదేంటయ్యా, ముట్టావుగా?" అంటారు. ఆ మాట అడవికి నేర్పింది తనే.

ముక్కు మూసుకున్నాడు. వెనక్కి గెంతాడు.

"అయ్యో, కాటుకమ్మకి ఏదో కోరిక మిగిలింది!" అన్నాయి పందులు. "కాటుకమ్మా, మీ ఆయనకి గూడు మేం కట్టిస్తాం!"

బొగ్గయ్య కదల్లేదు.

"కాటుకమ్మా, మీ ఆయనకి మళ్ళీ పెళ్ళి చేస్తాం!" అంది కుందేలు.

బొగ్గయ్య దాని వైపు ఒక చూపు చూశాడు. కుందేలు పొద వెనక్కి వెళ్ళిపోయింది.

"మరి ఇంకేం కావాలటోయ్ ఆవిడకి?" అన్నాడు జడలయ్య. "నువ్వు ముట్టకపోతే రేపు మడుగు దగ్గరికి రాకూడదు. తెలుసుగా?"

"తెలుసు మామా," అన్నాడు బొగ్గయ్య.

ఒక రోజు గడిచింది. రెండు రోజులు గడిచాయి. ముట్టని ఆకు ముందు పెట్టుకుని ఇంకెక్కడా తినకూడదు కదా, అదీ అతను చెప్పిన పద్ధతే. మూడోరోజు మధ్యాహ్నం రెక్కలు ఈడ్చుకుంటూ మడుగు దగ్గరికి వెళ్ళాడు. అక్కడ చుక్కమ్మ ఉంది.

"ఏంటన్నా, అలా చిక్కిపోయావు? తినలేదా?"

"తింటే అయిపోయిందంటారు."

"నాకూ అయిపోయిందన్నావుగా. అయిందా మరి?"

బొగ్గయ్య తల దించుకున్నాడు.

"నేనైతే రెండోరోజే గడ్డి మేశాను," అంది చుక్కమ్మ. "కాళ్ళు నిలబడకపోతే ఏం చేస్తాను? ఏడుస్తూనే మేశాను. రెండూ ఒకేసారి కుదురుతాయన్నా. కాకపోతే గడ్డి సరిగ్గా నమలలేం."

బొగ్గయ్య రెండు గుక్కల బురదనీళ్ళు తాగాడు.

"చుక్కమ్మా, నీ బిడ్డ తృప్తి పడిందని ముట్టలేదు నేను. ఆ రోజు నాకు ఆకలేసింది. పూలు కూడా బాగున్నాయి."

చుక్కమ్మ చెవులు నిక్కాయి. "మరి ఆ రోజే చెప్పచ్చుగా! బిడ్డకి తృప్తి అయినా నాకే దుఃఖం తీరట్లేదేంటా, నేనేం తల్లినా అని ఇన్నాళ్ళూ నన్ను నేనే తిట్టుకున్నాను."

"చెప్తే నన్నెవరు పిలుస్తారు?"

"నన్ను ఎవరు పిలుస్తున్నారు?" అంది చుక్కమ్మ. "రేపు పొద్దున్నే అందరి ముందూ చెప్పు. చెప్పి, తిను. ముందు బతుకు."

మర్నాడు అందరూ నీళ్ళు తాగుతున్న వేళ బొగ్గయ్య మడుగు గట్టున వాలాడు. ఆకు తన ముందే పెట్టించుకున్నాడు.

"తాత తృప్తి పడ్డాడో లేదో నాకు తెలియదు. కుందేలు తమ్ముడి కోరికేంటో తెలియదు. దుప్పిపిల్ల సంగతీ తెలియదు. ఆకలేస్తే తిన్నాను, కడుపు నిండితే ఊరుకున్నాను. అంతే!"



"నా ముల్లంగి!" అని అరిచింది కుందేలు.

"ఇక నీ గడప ఎవడు తొక్కుతాడు?" అన్నాయి పందులు. కాకికి గడప ఉండదని కోపంలో ఎవరికీ గుర్తురాలేదు.

బొగ్గయ్య ఆకు మీదకి వంగాడు. ఉసిళ్ళు ఎండిపోయి పెళపెళలాడుతున్నాయి. ఒకటి తిన్నాడు. ఇంకొకటి తిన్నాడు. ఆకు ఖాళీ చేశాడు.

జడలయ్య హమ్మయ్య అనుకున్నాడు. "పోనీలే, ముట్టావు. అయిపోయినట్టే."

"అవలేదు మామా. ఆకలేసింది, తిన్నాను," అన్నాడు బొగ్గయ్య. తినడం ముగించి అక్కడే, అందరి ముందే ఏడ్చాడు. కాకి ఏడుపు వినడానికి ఏమంత బాగుండదు. చుక్కమ్మ వచ్చి అతని పక్కన నిలబడి నీళ్ళు తాగింది. జడలయ్య గొంతు సవరించుకున్నాడు, రూలు చెబుదామని. ఎవరికి ముందు చెప్పాలో తేలక ఊరుకున్నాడు.

తర్వాత అడవిలో రెండు చావులు జరిగాయి. బొగ్గయ్యని ఎవరూ పిలవలేదు. మూడోసారి ముళ్ళపంది భార్య పోతే, ముళ్ళపందే వచ్చి పిలిచాడు. "నువ్వు రా. అక్కడ ఎవరో ఒకరు కూర్చుని తింటే బాగుంటుంది," అన్నాడు. బొగ్గయ్య వెళ్ళాడు. తిన్నాడు. "బాగున్నాయి," అన్నాడు. తృప్తి గురించి మాట్లాడలేదు. సాయంత్రం దాకా అక్కడే కూర్చుని లేచాడు.

ఏడాది గడిచింది. ఒకరోజు జడలయ్య ఆగి అడిగాడు.

"బొగ్గయ్యా, ఇప్పటికైనా అయిందా?"

"లేదు మామా."

"మరి ఎలా ఉన్నావోయ్?"

"బాగానే ఉన్నాను."

ఈ రెండు మాటలూ ఒకే నోట్లోంచి ఎలా వచ్చాయో జడలయ్యకి అంతుపట్టలేదు. కాసేపు తల గోక్కుని తేనె వెతుక్కుంటూ వెళ్ళిపోయాడు. నాకూ చాలాకాలం అంతుపట్టలేదు, కాబట్టి అతన్ని చూసి నవ్వకండి.

నీతి: దుఃఖానికి గడువు పెట్టే పని ఎవరిదీ కాదు, అది తీరకపోయినా ఆకలేస్తే తినాలి, తిన్నవాళ్ళని చూసి తీరిపోయిందని అనకూడదు.